సీసం రంగుల శిక్షణ పూర్తయింది, అయినా సర్టిఫికేట్ లేదంటున్నారు

ఉలి: సాయంత్రం ఆరింటికి కంప్యూటర్ ముందు కూర్చున్నాను, ఇప్పుడు పన్నెండు దాటింది. పాత ఇళ్లలో సీసం రంగుల మధ్య పనిచేయడానికి ఎనిమిది గంటల తరగతికి వెళ్లాను, పరీక్ష పాసయ్యాను, సర్టిఫికేట్ చేతిలో ఉంది. ఇంటి యజమానురాలు అది చూసి, "ఇది మీ పేరున ఉంది, మీ సంస్థది ఏది?" అన్నారు. నా సంస్థలో ఉన్నది నేనొక్కడినే! ఈపీఏ (అమెరికా పర్యావరణ పరిరక్షణ సంస్థ) దరఖాస్తు మూడుసార్లు మొదటినుంచీ నింపాను, ఎటూ తేలడం లేదు. సోమవారం పని మొదలుపెట్టాలి.

వేపచెట్టు: రెండూ వేరు. శిక్షణ మనిషికి, సర్టిఫికేట్ సంస్థకు. ఒక్కరే ఉన్నా రెండూ కావాలి. ఈపీఏకు 300 డాలర్లు, ఐదేళ్లు చెల్లుతుంది.

పాత కుంచె: కాగితాల సంగతి సరే, ఆ తరగతిలో రెండు గంటలు చేత్తో చేయించినది గుర్తుందా? నేను ఇరవై ఏళ్లుగా ఈ పనిలో ఉన్నాను. పాత కిటికీ తలుపు పైకి లేపినప్పుడల్లా చెక్కకు చెక్క రాసుకుని, కింద గాడిలో బియ్యప్పిండిలాంటి సీసం రంగు పొడి చేరుతుంది. వేలితో తీస్తే తెల్లగా అంటుకుంటుంది. పాకే పిల్లలు ఆ వేలే నోట్లో పెట్టుకుంటారు. ఊడిన పెచ్చు కళ్లకు కనబడుతుంది, పొడి అంత తేలిగ్గా కనబడదు. మంటతో రంగు కాల్చకండి. హీట్ గన్ (వేడిగాలితో రంగును మెత్తబరిచే పరికరం) వేడి 1100 డిగ్రీల ఫారన్‌హీట్‌కు చేరకూడదు. సన్నని దుమ్మును కూడా పట్టే హెపా వాక్యూమ్ లేని సాండర్ (రంగును అరగదీసే యంత్రం) ముట్టుకోవద్దు. పని అయ్యాక తడి గుడ్డతో తుడిచి, ఆ గుడ్డను శుభ్రత సరిచూసే కార్డుతో పోల్చి చూడాలి. ఈ ఒక్క మెట్టు దాటేసేవాళ్లను ఎందరినో చూశాను, ప్రతిసారీ కోపం వస్తుంది.

నాలుగో మెట్టు: ఉలి గారూ, మీరు చేసేది సీసం తొలగింపా, మరమ్మతా? తొలగింపుకు ఈ ఎనిమిది గంటల శిక్షణ చాలదు.

పాత కుంచె: కిటికీ మారిస్తే సీసం పోయినట్లే కదా.

నాలుగో మెట్టు: కాదండీ. సీసం ప్రమాదాన్ని శాశ్వతంగా పోగొట్టడమే ఉద్దేశమైతే అది తొలగింపు, దానికి వేరే శిక్షణ, వేరే లైసెన్సు. ఇల్లు బాగుచేసే క్రమంలో పాత రంగు కదిలితే అది మరమ్మతు. ఒప్పందంలో "సీసం తీసేస్తాను" అని రాస్తే మీరే చిక్కుల్లో పడతారు. అలాగే "సీసం లేని ఇల్లు" అని ఎవరికీ మాట ఇవ్వకండి.

గోదారి గట్టు: మన ఇండియాలోనూ ఇంటి రంగుల్లో సీసం 90 పీపీఎం (పది లక్షల భాగాల్లో 90) మించకూడదని 2017 నవంబరు నుంచి నిబంధన అమల్లో ఉంది. అయితే అది కొత్త డబ్బాల గురించే. నాన్నగారు వేయించిన పాత గేటు రంగును ఎవరు చూస్తారు?

వేపచెట్టు: అది వేరే చర్చ.

తులసికోట: ఉలి గారూ, అసలు మీరు ఏ రాష్ట్రం? ఆ ఇల్లు ఎప్పుడు కట్టారు?

ఉలి: నార్త్ కరొలైనా, డర్హమ్. 1938 నాటి చెక్క ఇల్లు. పదకొండు కిటికీలు మార్చాలి. ఇంట్లో మూడేళ్ల పాప ఉంది. ఇవి చెప్పాలని తట్టలేదు, అమెరికా అంతటా ఒకటే నిబంధన కదా.

తులసికోట: నిబంధన ఒకటే, అమలు చేసేది ఒకరు కాదు. పదికి పైగా రాష్ట్రాలు ఈ పనిని ఈపీఏ నుంచి తామే తీసుకున్నాయి, మీది అందులో ఒకటి. దరఖాస్తు మీ రాష్ట్ర ఆరోగ్య శాఖకు పెట్టాలి. మీ పేరునా, సంస్థ పేరునా రెండూ అక్కడే. శిక్షణ ఇచ్చినవారికి రాష్ట్ర గుర్తింపు ఉందో లేదో ముందు చూసుకోండి.

నాలుగో మెట్టు: గదిలో ఆరు చదరపు అడుగుల లోపు పనికి మినహాయింపు ఉంది కానీ, కిటికీ మార్చడానికి వర్తించదు.

పాత కుంచె: మూడేళ్ల పాపా! సంస్థ కాగితం రాకుండా ఒక్క కిటికీ కూడా కదపకండి. పని రోజుల్లో పాపను ఆ గదుల వైపు రానివ్వొద్దని గట్టిగా చెప్పండి.

ఉలి: శిక్షణ పక్క రాష్ట్రంలో తీసుకున్నాను. రేపు ఉదయమే ఫోన్ చేసి అడుగుతాను. సోమవారం పని వాయిదా వేస్తున్నానని ఇంటి యజమానురాలికి ఇప్పుడే సందేశం పంపాను. ధన్యవాదాలు తులసికోట గారూ.

గోదారి గట్టు: ఆ గేటు సంగతి ఎవరికైనా తెలిస్తే చెప్పండి. మా మనవడు రోజూ దాన్ని పట్టుకునే ఊగుతాడు.