‘లా తఖ్నతూ’: ‘నిరాశ చెందకండి’ అంటే సరిపోతుందా?

ప్రశ్న

సభ్యులందరికీ సలాం, నమస్కారం. ఖుర్ఆన్ 39వ సూరా (అధ్యాయం) అజ్-జుమర్‌లోని 53వ ఆయతు (వాక్యం)లో ‘లా తఖ్నతూ మిర్రహ్మతిల్లాహ్’ అనే మాట ఉన్నది. దీనిని మనం సాధారణంగా ‘అల్లాహ్ కారుణ్యం పట్ల నిరాశ చెందకండి’ అని తెలుగులో చెప్పుకుంటాము. మా పెద్దమ్మ అనారోగ్యం వలన ఈ రమజాన్‌లో ఉపవాసాలు ఉండలేకపోయారు, నిలబడి నమాజు చేసే శక్తి కూడా ఆమెకు లేదు. ‘నెలంతా చేజారిపోయింది, ఇక ఏ ముఖంతో అడగను’ అని ఆమె కుమిలిపోతున్నారు. ఆమెకు ఉత్తరం రాస్తూ ఈ ఆయతును ఉదహరించాను. అయితే ‘నిరాశ చెందకండి’ అని రాసిన తరువాత చదువుకుంటే, అది ఎవరు ఎవరికైనా చెప్పగలిగిన ఊరడింపు మాటలా పలుచగా కనిపించింది. మూలంలోని బరువు దానిలోకి రాలేదనిపించింది.

మరొక సందేహం కూడా ఉన్నది. రాత్రి చివర చేసే విత్ర్ నమాజులో చదివే దుఆను (వేడుకోలును) ‘ఖునూత్’ అంటాము. ‘తఖ్నతూ’ అనే క్రియకు మూలమైన నామవాచకం కూడా ‘ఖునూత్’ అనీ, దానికి నిరాశ అని అర్థమనీ ఒకచోట చదివాను. ఒకే మాటకు ప్రార్థన అనీ నిరాశ అనీ రెండు అర్థాలు ఎలా వచ్చాయో తెలిసినవారు వివరించగలరు.

సమాధానం

మీ పెద్దమ్మగారికి త్వరగా స్వస్థత చేకూరాలని ప్రార్థిస్తున్నాను. రెండవ సందేహాన్ని ముందు తీసుకుంటాను, ఎందుకంటే మొదటిదానికి దారి అందులోనే ఉన్నదని నా నమ్మకం.

అవి రెండు వేర్వేరు మాటలు. మన చెవికి తకారంగా వినిపించే అక్షరాలు అరబీలో రెండు ఉన్నాయి. ఉర్దూ చదివినవారు వాటిని తే, తోయ్ అంటారు. తే మన ‘త’ లాగానే తేలికగా పలుకుతుంది. తోయ్‌ను నాలుక వెనుక భాగాన్ని అంగిటి వైపు ఎత్తి, నోరు నిండేలా బరువుగా పలకాలి. తే అక్షరంతో ముగిసే ధాతువు నుండి వచ్చిన ఖునూత్‌కు వినమ్రతతో, విధేయతతో నిలిచి ఉండటం అని అర్థం. హనఫీ ధర్మశాస్త్ర సంప్రదాయం వారు ఏడాది పొడవునా, షాఫయీ సంప్రదాయం వారు రమజాన్ రెండవ సగంలో విత్ర్‌లో చదివే దుఆకు ఆ పేరు దానినుండే వచ్చింది. తోయ్ అక్షరంతో ముగిసే ధాతువు నుండి వచ్చిన ఖునూత్‌కు ఆశ పూర్తిగా తెగిపోవడం అని అర్థం. అరబీ చదువరి ఈ రెంటినీ ఏనాడూ ఒకటిగా పొరబడడు. మన లిపి మాత్రం వాటిని ఒకే గాటన కట్టివేసింది. ఖాఫ్, ఖే అనే రెండు అక్షరాలకూ మనం ‘ఖ’నే వాడుతున్నాము కనుక ఈ ఇబ్బంది ఒక్క తకారంతో ఆగదు, కాని ఇప్పుడు మన చర్చ తకారం గురించే.

ఈ కలయిక ఎంతదూరం పోతుందో చూడండి. 15వ సూరా అల్-హిజ్ర్‌లో, ముదిమి వయసులో ఉన్న ఇబ్రాహీం అలైహిస్సలాంకు కుమారుడు కలుగుతాడని శుభవార్త తెచ్చిన దూతలు 55వ ఆయతులో ఆయనతో ‘ఫలా తకుమ్ మినల్ ఖానితీన్’ అంటారు, అంటే ఆశ వదులుకున్నవారిలో చేరవద్దని. 66వ సూరా అత్-తహ్రీమ్ చివరి ఆయతు అయిన 12వ ఆయతు, మర్యం అలైహస్సలాంను ప్రశంసిస్తూ ‘వ కానత్ మినల్ ఖానితీన్’ అని ముగుస్తుంది, అంటే ఆమె విధేయతతో నిలిచినవారిలో ఒకరని. తెలుగు లిపిలో రాస్తే రెండుచోట్లా ‘మినల్ ఖానితీన్’ అక్షరం తేడా లేకుండా ఒకే విధంగా కనబడుతుంది. ఒకచోట అది చేరకూడదని హెచ్చరించిన గుంపు, మరొకచోట ఒక పుణ్యవతికి లభించిన గౌరవం. కేవలం తెలుగు లిప్యంతరీకరణ చూసి చదివేవారికి ఈ రెండుచోట్లా అర్థాన్ని పక్కనే ఇవ్వకపోవడం పెద్ద లోపమని భావిస్తాను. తోయ్‌కు ‘ట’ వాడదామని కొందరు సూచిస్తారు గాని నేను ఒప్పుకోను; మన టకారం నాలుకను మడిచి పలికేది, తోయ్‌కూ దానికీ పోలిక లేదు.

ఇప్పుడు మీరు అడిగిన సూరాకే వద్దాము. 53వ ఆయతుకు చాలా ముందే, అదే అజ్-జుమర్ 9వ ఆయతులో తే అక్షరంతో ఉన్న మాట వస్తుంది: రాత్రి ఘడియలలో సజ్దా (సాష్టాంగం) చేస్తూ, నిలబడుతూ, పరలోకానికి భయపడుతూ, తన ప్రభువు కారుణ్యాన్ని ఆశిస్తూ గడిపే వ్యక్తిని అక్కడ ‘ఖానిత్’ అన్నారు. ఆ తరువాత 53వ ఆయతులో, తమకు తామే చేటు చేసుకుంటూ హద్దు మీరినవారిని పిలిచి, తోయ్ అక్షరంతో ‘లా తఖ్నతూ’ అన్నారు. రెండుచోట్లా ‘రహ్మత్’ (కారుణ్యం) అనే మాట ఉన్నది. మొదటివాడు రహ్మత్‌ను ఆశిస్తూ నిలబడ్డాడు, రెండవవాడు దానిపై ఆశను తెంచుకొని వెనుదిరగబోతున్నాడు. రమజాన్ రాత్రులలో చేసే తరావీహ్ నమాజులో రోజుకొక పారా (ఖుర్ఆన్ ముప్పై భాగాలలో ఒకటి) చొప్పున వినేవారికి 9వ ఆయతు 23వ పారాలోను, 53వ ఆయతు 24వ పారాలోను వస్తాయి. అంటే రమజాన్ చివరి పది రాత్రులలో, ‘ఇంక ఎన్ని రోజులున్నాయి, ఏమి సాధించాను’ అని మనిషి లెక్క వేసుకునే వేళ, ఈ రెండు మాటలూ ఒకదాని వెంట ఒకటి వినబడతాయి. 28వ పారా ముగిసేది మర్యంకు చెప్పిన ఆ ‘ఖానితీన్’ అనే మాటతోనే. ఇది తలచుకున్నప్పుడల్లా నాకు ఒళ్ళు పులకరిస్తుంది.

ఇక మీ మొదటి ప్రశ్న. నిరాశకు ఖుర్ఆన్‌లో ‘యఅస్’ అనే మరొక మాట కూడా ఉన్నది. 12వ సూరాలో యూసుఫ్‌ను కోల్పోయి ఏళ్ళ తరబడి దుఃఖించిన యాఖూబ్ అలైహిస్సలాం 87వ ఆయతులో తన కుమారులకు చెప్పింది ‘లా తైఅసూ మిర్రౌహిల్లాహ్’ అని. అక్కడ రహ్మత్ కాదు, ‘రౌహ్’ ఉన్నది. గాలికి అరబీలో ఉన్న ‘రీహ్’ అనే మాట దానికి చుట్టం, కనుక ‘అల్లాహ్ ఇచ్చే సేద’ అని నేను చెప్పుకుంటాను. 41వ సూరా 49వ ఆయతు, కీడు తాకిన మనిషిని ‘యఊసున్ ఖనూత్’ అని రెండు మాటలూ కలిపి వర్ణిస్తుంది. మొదటిది గుండెలో ఉండే నిరాశ అనీ, రెండవది ముఖంలోకి, నడకలోకి దిగి మనిషిని కుంగదీసే నిరాశ అనీ వ్యాఖ్యాతలు కొందరు భేదం చెప్పారు. 42వ సూరా 28వ ఆయతులోనయితే, జనం ఆశ వదులుకున్న తరువాత వాన కురిపించేవాడు, తన కారుణ్యాన్ని విస్తరింపజేసేవాడు ఆయనేనని చెప్పేటప్పుడు ఈ క్రియనే వాడారు. ఆకాశం వైపు చూడటమే మానివేసిన రైతును ఊహించుకుంటే ‘ఖునూత్’ ఎటువంటిదో నిఘంటువు లేకుండానే తెలుస్తుంది.

మీకు ‘నిరాశ చెందకండి’ పలుచగా అనిపించడానికి కారణం ‘చెందు’ అనే క్రియ అని నా అభిప్రాయం. చెందడం మనకు జరిగేది; దుఃఖం కలిగినట్టే నిరాశ కూడా కలుగుతుంది, దానిని కలగవద్దని ఆజ్ఞాపిస్తే వినేవారు ఏమి చేయగలరు? పైగా ‘నిరాశకు లోనయ్యాను’ అన్న తప్పు కూడా మీ పెద్దమ్మగారు తమ లెక్కలో వేసుకోవచ్చు. ‘లా తఖ్నతూ’ మనిషి చేయబోయే ఒక పనిని ఆపుతున్నది. ‘ఆశ తెంచుకోకండి’ అంటే ఆ పని కనబడుతుంది. అందులోని ‘కొను’ మనకు మరొక మేలు చేస్తుంది: తెంపేవారూ నష్టపోయేవారూ ఒకరేనని అది తెలుపుతుంది, ఆయతు మొదట్లో ఉన్న ‘అస్రఫూ అలా అన్ఫుసిహిమ్’, అంటే తమ మీద తామే హద్దు మీరినవారు అన్న సంబోధనతో చక్కగా పొసగుతుంది. ‘నిస్పృహ చెందకండి’ అనేవారూ ఉన్నారు, కాని ‘నిఃస్పృహ’ సంస్కృతంలో కోరికలు విడిచిన స్థితికి ప్రశంసగా ఉన్న మాట. భగవద్గీత 2వ అధ్యాయం 71వ శ్లోకంలో అదే అర్థంలో కనిపిస్తుంది. తెలుగు వాడుకలో అది దిగులుగా మారింది నిజమే, అయినా ఇక్కడ దాని అవసరం లేదు.

మరొక సభ్యుని సందేహం

వివరణ బాగున్నది, కాని ఒక భయం వ్యక్తం చేయదలచాను. తెలుగులో ‘ఆశ’ అంత పవిత్రమైన మాట కాదు. దురాశ, పేరాశ, ఆశపోతు అన్నీ దాని బిడ్డలే. పైగా ‘ఇన్నల్లాహ యగ్ఫిరుజ్జునూబ జమీఆ’, అంటే పాపాలన్నింటినీ క్షమిస్తాడని ఆ ఆయతులోనే ఉండగా, ‘ఆశ తెంచుకోకండి’ అన్నది తప్పులు చేసేవారికి చీటీ రాసిచ్చినట్టు కాదా? మరొకటి, రమజాన్ మొదటి పది రోజులు కారుణ్యానివి, మధ్య పది క్షమాపణవి, చివరి పది నరకం నుండి విముక్తివి అని వింటాము. అటువంటప్పుడు చివరి భాగంలో ఉన్నవారికి కారుణ్యం గురించి చెప్పడం సబబేనా?

మొదట సమాధానమిచ్చినవారు

రెండవదానికి చిన్న జవాబు. మూడు భాగాల ఆ కథనాన్ని హదీసు (ప్రవక్త మాటల, చేతల కథనాల) వేత్తలు బలహీనమైనదిగా పరిగణించారు. దానిని తన గ్రంథంలో చేర్చిన ఇబ్ను ఖుజైమా కూడా ‘ఇది ప్రామాణికమైతే’ అనే షరతు పెట్టి చేర్చారు. ఒకవేళ స్వీకరించినా, పదకొండవ రోజున కారుణ్యపు తలుపు మూసుకుంటుందని దానికి అర్థం కాదు. నా కారుణ్యం ప్రతి వస్తువునూ ఆవరించి ఉన్నదని 7వ సూరా 156వ ఆయతు చెబుతున్నప్పుడు, దానికి తేదీల గట్టు కట్టడం మన పని కాదు.

మొదటి సందేహం గట్టిది. ఈ ఆయతు ఎవరి విషయంలో వచ్చిందో ప్రవక్త సహచరుడు ఇబ్ను అబ్బాస్ గారి కథనం బుఖారీ, ముస్లిం అనే రెండు హదీసు సంకలనాలలోనూ ఉన్నది. ఎన్నో హత్యలు, వ్యభిచారాలు చేసిన బహుదైవారాధకులు కొందరు ప్రవక్త ముహమ్మద్ సల్లల్లాహు అలైహి వసల్లం వద్దకు వచ్చి, మీరు చెప్పేది మంచిదే, మేము చేసినవాటికి పరిహారం ఉన్నదా అని అడిగారు. వారు తిరిగి రావాలనుకొని వచ్చినవారు. ‘ఇంత చేసిన మాకు తలుపు తెరుస్తారా’ అన్న భయమొక్కటే వారిని గడప దగ్గర నిలిపింది. వెంటనే వచ్చే 54వ ఆయతు ‘వ అనీబూ ఇలా రబ్బికుమ్’, అంటే మీ ప్రభువు వైపు మరలండి అంటుంది. ‘జమీఆ’ (అన్నింటినీ) అనే మాటను 54వ ఆయతు నుండి విడదీసి ఉదహరించినప్పుడే మీరు భయపడిన చీటీ తయారవుతుంది.

‘ఆశ’ విషయానికి వస్తే, అరబీ వట్టి కోరికను ‘ఉమ్నియ్య’ అనీ, పని చేస్తూ ఎదురుచూసే ఆశను ‘రజా’ అనీ వేరు చేసింది. 4వ సూరా 123వ ఆయతు మీ కోరికల ప్రకారం ఏదీ జరగదని హెచ్చరించేటప్పుడు మొదటిది వాడింది. 39వ సూరా 9వ ఆయతులో రాత్రి నిలబడిన వ్యక్తికి వాడిన ‘యర్జూ’ రెండవదానికి చెందినది. తెలుగులో ‘ఆశించు’ అనే క్రియ రజాకు దగ్గరగా నిలుస్తుంది. అంతేకాదు, 9వ ఆయతులో ‘ఆశిస్తూ’ అనీ 53వ ఆయతులో ‘ఆశ తెంచుకోకండి’ అనీ రాస్తే, రెండు తకారాల శబ్దంలో మనం పోగొట్టుకున్న బంధం ‘ఆశ’ అనే మాట ద్వారా తిరిగి చేతికి వస్తుంది. అరబీలో అది చెవికి వినిపించేది, తెలుగులో అర్థానికి తోచేది. అనువాదకులు వదులుకోకూడని అవకాశం ఇది.

‘రహ్మత్’ గురించి కూడా ఒక మాట. గర్భానికి అరబీలో ఉన్న ‘రహిమ్’ అదే ధాతువు నుండి వచ్చింది. మన ‘కడుపుతీపి’ వెంటనే గుర్తుకు వస్తుంది. యుద్ధఖైదీలలో ఒక తల్లి బిడ్డను వెతికి పట్టుకొని గుండెకు హత్తుకొని పాలివ్వడం చూసి, ఈమె తన బిడ్డను నిప్పులో వేస్తుందా అని ప్రవక్త అనుచరులను అడిగారు; వేయదని వారన్నారు; తన దాసుల పట్ల అల్లాహ్ ఈ తల్లికంటే ఎక్కువ కరుణ గలవాడని ఆయన చెప్పారు. అల్లాహ్ ఎవరినీ కనలేదన్నది ఇస్లాం మూల విశ్వాసం కనుక ఆయతు అనువాదంలో ‘కడుపుతీపి’ని వాడకూడదు, అనువాదంలో ‘కారుణ్యం’ అనే ఉండాలి. ఉత్తరంలో వివరణగా మాత్రం ఈ సంఘటనను తప్పక రాయండి.

ఉపవాసాల గురించి పెద్దమ్మగారు బెంగపడవలసిన పని లేదు. రోగి మరో రోజులలో ఆ లెక్క పూర్తి చేసుకోవచ్చని 2వ సూరా 185వ ఆయతులోనే ఉన్నది, అల్లాహ్ మీకు సౌలభ్యాన్నే కోరుతున్నాడు గాని కష్టాన్ని కోరడం లేదన్న మాట కూడా అక్కడే ఉన్నది. నిలబడలేనివారు కూర్చొని, అదీ చేతకానివారు పక్కకు ఒరిగి నమాజు చేయవచ్చని ప్రవక్త తన సహచరుడు ఇమ్రాన్ బిన్ హుసైన్ గారికి చెప్పారు. కూర్చొని చేసినా ఆమె తే అక్షరపు ఖునూత్‌లోనే ఉంటారు.

ప్రశ్న అడిగినవారు

ఇద్దరికీ కృతజ్ఞతలు. ఉత్తరాన్ని తిరిగి రాశాను: ‘తమ మీద తామే హద్దు మీరిన నా దాసులారా, అల్లాహ్ కారుణ్యంపై ఆశ తెంచుకోకండి, అల్లాహ్ పాపాలన్నింటినీ క్షమిస్తాడు, ఆయనే ఎంతో క్షమించేవాడు, కరుణించేవాడు.’ దానికిందే 54వ ఆయతునూ, తల్లి బిడ్డల సంఘటననూ చేర్చాను. ‘నా దాసులారా’ అని మొదలుపెట్టి ‘నా కారుణ్యం’ అనకుండా ‘అల్లాహ్ కారుణ్యం’ అన్నచోట సరిచేయాలని మొదట చేయి తిరిగింది గాని, మూలంలోనే అలా ఉన్నందున ముట్టుకోలేదు. దాసులను తనవారిగా పిలిచి, కారుణ్యానికి తన పేరే పెట్టిన ఆ మార్పు అలాగే నిలవాలి.

పెద్దమ్మకు ఉర్దూ రాదు, ఆమె తెలుగు లిపిలోనే దుఆలు చదువుకుంటారు. అందువలన రెండు తకారాల సంగతి ఉత్తరంలో రాయలేదు. ఈ రాత్రి ఫోను చేసి రెండింటినీ పలికి వినిపిస్తాను.