పాత కానిస్టర్ ఫిల్టర్లే గట్టివా? కొత్తవాటికి మన్నిక లేదా?

తొట్టి_కాకినాడ:
నాలుగడుగుల ట్యాంకు, 240 లీటర్లు, ఆరు గోల్డ్‌ఫిష్. కానిస్టర్ ఫిల్టర్ (ట్యాంకు బయట పెట్టి పైపులతో కలిపే మూతడబ్బా ఫిల్టర్) కొనాలి. ఒకపక్క సెకండ్ హ్యాండ్‌లో ఎహైమ్ అనే జర్మన్ కంపెనీ క్లాసిక్ 2217 ఉంది, వయసు పదిహేనేళ్ల పైమాటే. ఇంకోపక్క దాదాపు అదే ధరకి యూవీ లైటు, నొక్కితే పైపులోకి నీళ్లు లాగే ప్రైమింగ్ బటన్, నాలుగు ట్రేలతో కొత్త మోడల్ వస్తోంది. పాతవే గట్టివని, కొత్తవి రెండేళ్లు కూడా రావని చాలామంది అంటున్నారు. నిజమెంత? దయచేసి కారణాలతో చెప్పండి.

ఇంపెల్లర్:
2217 తీసుకోండి. దాని బలమంతా కట్టుబడిలోనే ఉంది. ఒక డబ్బా, పైన మోటారు హెడ్, రెంటికీ మధ్య ఒకే ఒక్క పెద్ద ఓ-రింగ్ (నీళ్లు కారకుండా ఆపే రబ్బరు చుట్ట), చుట్టూ క్లిప్పులు. నీళ్లు అడుగు నుంచి వచ్చి మీడియా (మురికిని పట్టే స్పాంజి, సిరామిక్ ముక్కల్లాంటివి) గుండా పైకెక్కి హెడ్‌లోంచి బయటికి పోతాయి. ట్రేలు లేవు కాబట్టి మీడియాని తప్పించుకుని పక్కనుంచి జారిపోయే దారి నీళ్లకి దాదాపు లేదు. తిరిగేది నీళ్లని నెట్టే రెక్కల చక్రం, అంటే ఇంపెల్లర్ ఒక్కటే, అది కూడా సిరామిక్ పుల్ల మీద. బేరింగులు లేవు, బ్రష్షులు లేవు.

మీరు చూస్తున్న కొత్త రకంలో లీకయ్యే చోట్లు లెక్కపెట్టండి. మూత వాషర్, పైపులు కూర్చునే వాల్వ్ బ్లాకు కింద రెండు చిన్న ఓ-రింగులు, ప్రైమింగ్ పిస్టన్ సీలు, యూవీ గాజు గొట్టం సీలు. రబ్బరన్నాక ఏదో ఒకరోజు గట్టిపడి తీరుతుంది. ఒక్క సీలు మార్చుకుంటే సరిపోయేదానికీ, అయిదింటి మీద కన్నేసి ఉంచాల్సినదానికీ మన్నిక ఒకటే ఎలా అవుతుంది?

నల్లరేగడి:
సీళ్ల లెక్క ఒప్పుకుంటాను. "పాతవన్నీ గట్టివి" అన్న మాటని మాత్రం ఒప్పుకోను. ఇవాళ మనకి కనబడే పదిహేనేళ్ల ఫిల్టర్లు బతికి బట్టకట్టినవి. మధ్యలో పోయినవి ఎప్పుడో పాతసామాన్ల బండెక్కాయి, వాటి గురించి ఎవరూ మాట్లాడరు. కాలమే వడగట్టి మంచివాటిని మిగిల్చింది.

పోలిక కూడా న్యాయంగా లేదు. పాతవాటిలో ఖరీదైన జర్మన్ డబ్బాని ఎంచుకుని, కొత్తవాటిలో చవకదాన్ని దాని పక్కన నిలబెడుతున్నాం. అదే 2217ని ఇప్పుడు క్లాసిక్ 600 పేరుతో కొత్తగానూ అమ్ముతున్నారు. కాబట్టి తేడా పెట్టినది డిజైనూ, పెట్టిన డబ్బూ. తయారైన సంవత్సరం కాదు.

పాతవాటి లోపాలూ చెప్పాలి కదా. ప్రైమింగ్ లేదు, పైపుని నోటితో పీల్చి నీళ్లు దించుకోవాలి. కుళాయిలు ఏళ్ల తరబడి తిప్పకపోతే బిగుసుకుపోతాయి, బలం చూపిస్తే పిడి ఊడి చేతికొస్తుంది. పీవీసీ పైపుకి మెత్తదనం ఇచ్చే పదార్థం నెమ్మదిగా బయటికి పోయి పైపు కర్రలా అవుతుంది, అప్పుడు జాయింటు దగ్గర పట్టు వదులుతుంది. సిరామిక్ పుల్ల అయితే ఇంపెల్లర్‌ని వంకరగా లాగితే చాలు, టక్కున విరుగుతుంది.

వైండింగ్_కరీంనగర్:
మోటారు సంగతి నేను చెప్త. పాతదైనా కొత్తదైనా ఏసీ పంపంటే లోపల ఉండేది ఒక్కటే: ఎపాక్సీ పోసి మూసేసిన కాయిల్, నడుమ అయస్కాంతం రోటర్. మన 50 హెర్ట్జ్ కరెంటు మీద నిమిషానికి 3000 చుట్లు తిరుగుతది. కరెంటు హెర్ట్జ్‌తోని అడుగు కలిపి తిరిగే సింక్రనస్ మోటారు కాబట్టి వోల్టేజి తగ్గితే వేగం తగ్గది, బలం తగ్గుతది. 230 రావాల్సిన చోట 180 వచ్చే ఊర్లల్ల అసలు తిప్పలు కరెంటు పోయి వచ్చిన క్షణంలనే. ఇంపెల్లర్ కూర్చునే గూట్లె సున్నం పేరుకుని ఉంటే రోటర్ కదల్లేక గుర్రుమని వణుకుతది. నీళ్లు పారకపోతే కాయిల్‌కు చల్లదనం ఉండది. గంటలకొద్ది అట్లనే వదిలేస్తే ఇన్సులేషన్ మాడుతది. జర్మనీదైనా మాడుతది.

డీసీ పంపుల లెక్క వేరు. 24 వోల్టుల అడాప్టరు 100 నుంచి 240 దాకా ఏది ఇచ్చినా నడుస్తది, తక్కువ వోల్టేజికి భయం లేదు. పిడుగులప్పుడు, వోల్టేజి ఎగిరినప్పుడు మాత్రం ముందు పోయేది అడాప్టరే, పంపు మంచిగనే ఉంటది. అడాప్టరు మామూలు రకమైతే అన్నే వోల్టులు, అంతకు తక్కువ కాని ఆంపియర్లు, పిన్నుకు ప్లస్ మైనస్ ఒకటే ఉన్నది చూసి ఇంకోటి పెట్టుకోవచ్చు. పంపును నడిపించే కంట్రోలర్ పోతే మాత్రం ఆ కంపెనీదే దొరకాలె. దొరకకుంటే మంచి పంపును పారేసుడే. గిదే నాకు బాధ.

ఇంకొకటి. ఫెర్రైట్ అయస్కాంతానికి తుప్పు పట్టది. నియోడైమియం చిన్నగ ఉండి బలంగ ఉంటది గని, పైన ప్లాస్టిక్ చిట్లితే తుప్పుపట్టి ఉబ్బి గూట్లె ఇరుక్కుంటది. ఉప్పునీళ్ల ట్యాంకులల్ల ఇంకా తొందరగ.

బోరునీళ్లు:
అన్నా, సున్నం మాట మీరే ఎత్తారు కాబట్టి అక్కడే ఆగుదాం. మన దగ్గర చాలా ఇళ్లలో ట్యాంకులోకి వచ్చేది కఠినమైన బోరు నీళ్లే. ఇంపెల్లర్ గూటిని రెండు నెలలకోసారి శుభ్రం చేయనివాడికి ఏ కాలం ఫిల్టరైనా ఒకటే.

పద్ధతి ఇది. ప్లగ్గు తీసేసి, ఇంపెల్లర్‌ని పుల్లతో సహా నిటారుగా బయటికి తీయాలి. లీటరు గోరువెచ్చని నీళ్లలో 30 గ్రాముల నిమ్మ ఉప్పు కలిపి అందులో వాటిని అరగంట నానబెట్టాలి. హెడ్‌ని ముంచకూడదు, తలకిందులుగా పెట్టి గూట్లో మాత్రం అదే నీళ్లు పోయాలి. బుడగలు ఆగాక పాత టూత్‌బ్రష్‌తో రుద్ది రెండుమూడుసార్లు కడగాలి. బ్లీచింగ్ దగ్గరికి రానివ్వకండి, ఆమ్లంతో కలిస్తే క్లోరిన్ వాయువు వస్తుంది. మీడియాని ట్యాంకు నీళ్లలోనే జాడించాలి, క్లోరిన్ ఉన్న మునిసిపల్ నీళ్లు పోస్తే మురికిని విరిచే మంచి బ్యాక్టీరియా చచ్చిపోతుంది.

ఓ-రింగ్‌కి కొందరు వాజలైన్ రాస్తుంటారు. పెట్రోలియం జిడ్డుకి కొన్ని రబ్బర్లు ఉబ్బి సాగిపోతాయి. సిలికాన్ గ్రీజు బఠాణీ గింజంత చాలు.

ఇంపెల్లర్:
శుభ్రం చేయడం అందరికీ తప్పదు, కాదనను. కానీ నిర్లక్ష్యం చేసినప్పుడే కదా వస్తువు సత్తా తెలిసేది! రెండు నెలల పని ఆర్నెల్లకి జరిగినా 2217లో నష్టపోయేది ఇంపెల్లర్ ఒక్కటే. కొత్తదాంట్లో అదే ఆర్నెల్లలో వాల్వ్ బ్లాకు లోపల బురద పట్టి నీటి ధార సన్నబడుతుంది, ట్రేల అంచుల నుంచి నీళ్లు పక్కదారి పడతాయి, ధార తగ్గిందని పదేపదే నొక్కిన ప్రైమింగ్ బటన్ సీలు అరుగుతుంది.

నల్లరేగడి:
వాల్వ్ బ్లాకు గురించి మీదే ఒప్పు. కానీ ఒక లివరు ఎత్తితే రెండు పైపులూ ఒకేసారి మూసుకుని విడివడే సౌకర్యం వల్ల జనం ఫిల్టర్‌ని తెరుస్తున్నారు, కడుగుతున్నారు. తెరవడం కష్టమైనదాన్ని ఎవరూ తెరవరు. అది కూడా మన్నికలో భాగమే అని నా గట్టి నమ్మకం.

యూవీ విషయంలో నేనూ కొత్తదాని వైపు లేను. దీపం వెలుగుతూ కనబడుతున్నా ఏడాది తిరిగేసరికి దాని శక్తి బాగా తగ్గుతుంది, మార్చాలి. ఆ కిరణాలు సోకిన ప్లాస్టిక్ పెళుసెక్కుతుంది. గాజు గొట్టం మీద సున్నం పట్టిందంటే లైటు దండగ. యూవీ కావాలంటే విడిగా పైపు మధ్యలో పెట్టుకోండి, పోయినప్పుడు అదొక్కటే పోతుంది.

కొనేముందు అడగాల్సింది స్పేర్ల గురించి. ఓ-రింగ్, ఇంపెల్లర్, పుల్ల, క్లిప్పులు, ఈ నాలుగూ విడిగా ఎక్కడ దొరుకుతాయో, ఎంతకి వస్తాయో దుకాణదారు చెప్పలేకపోతే ఆ ఫిల్టర్ ఎంత కొత్తదైనా వదిలేయండి.

తొట్టి_కాకినాడ:
అందరికీ థాంక్స్. 2217 వైపే మొగ్గుతున్నాను. గంటకి 1000 లీటర్లు అని రాసుంది, గోల్డ్‌ఫిష్‌కి సరిపోతుందా? చేతికి తీసుకునేముందు ఏం పరీక్షించాలి?

ఇంపెల్లర్:
1000 అనేది ఖాళీ డబ్బా లెక్క. మీడియా నింపి స్టాండు కింద పెట్టాక బాగా తగ్గుతుంది. గోల్డ్‌ఫిష్ మురికి ఎక్కువ, ట్యాంకులో ఇంకో స్పాంజ్ ఫిల్టర్ పెట్టండి. కరెంటు పోయినప్పుడు బ్యాటరీ ఎయిర్ పంపుతో దాన్ని నడపొచ్చు కూడా. కరెంటు చాలా గంటలు పోతే, కానిస్టర్‌లో మురిగిన నీళ్లు పారబోశాకే ఆన్ చేయండి. 20 వాట్లు కాబట్టి రోజంతా నడిచినా ఏడాదికి 175 యూనిట్లు.

వైండింగ్_కరీంనగర్:
పరీక్ష నేను చెప్త. ముందు వైరు హెడ్‌లకు పోయేకాడ వంచి చూడు. పగులుంటే టేపు చుట్టి వాడొద్దు, బేరం అక్కడనే ఆపు. తర్వాత ప్లగ్గు రెండు పిన్నుల నడుమ మల్టీమీటరు పెట్టు, ఓపెన్ (లోపల తీగ తెగింది) అని చూపిస్తే కాయిల్ పోయినట్టే. పుల్ల మీద గీతలు, ఇంపెల్లర్ రంధ్రంల అరుగుదల చూడు. ఇంపెల్లర్ అటూఇటూ బాగ ఊగితే శబ్దం చేస్తది, ధర తగ్గించమను.

ఇగ నీళ్లు నింపి 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే లైను ఆపే స్విచ్చి) ఉన్న లైను మీద పెట్టు. నడుస్తుండంగ పదిసార్లు ఆఫ్ చేసి ఆన్ చెయ్యి, పదిసార్లూ తిరగాలె. ఒక్కసారి వణికి ఆగినా ముందు సున్నం తీసి మళ్ల చూడు. చివరకు డబ్బా కింద ఎండిన పేపరు పరిచి 24 గంటలు నడిపించు. తెల్లారి క్లిప్పుల కింద పేపరు మీద తడి మచ్చ కనబడితే కొత్త ఓ-రింగ్ వేసి ఇంకో 24 గంటలు నడిపించు. అప్పుడు కూడ తడిస్తే హెడ్ అంచు పగిలిందన్నట్టు, తీసుకోకు.