టొమోస్వర్యెల్లా ఆడ ఈగ: జాతి తేల్చడం ఎలా?

భీమవరం దగ్గర వరి చేలో ఉదయం 8 గంటలకు వలతో పట్టిన ఈగ. పొడవు 3 మి.మీ., ఒళ్ళు నలుపు. తలంతా కళ్ళే, మెడ మీద గోళీ పెట్టినట్టుంది. పొట్ట చివర గుడ్లు పెట్టే సన్నటి ముల్లు ఉంది కాబట్టి ఆడదే.

పిపంక్యులిడే (పెద్ద కళ్ళ ఈగల) కుటుంబమని ఖాయం. రెక్క ముందు అంచున నల్ల మచ్చ లేకపోవడంతో టొమోస్వర్యెల్లా ప్రజాతి దాకా వచ్చి ఆగిపోయాను. నా దగ్గరున్న గుర్తింపు పట్టికలన్నీ మగ ఈగ జననాంగాలే చూడమంటున్నాయి. ఈ ఈగ పిల్లపురుగులు వరి రసం పీల్చే పచ్చదీపపు పురుగుల పొట్టలో పెరుగుతాయి కాబట్టి, మగది దొరుకుతుందేమోనని పొట్ట ఉబ్బిన దీపపు పురుగుల్ని సీసాలో పెంచాను. వాటిలోంచి ఈగ పిల్లపురుగులు బయటికొచ్చి, తడి మట్టిలో ప్యూపా అయ్యాక బూజు పట్టి చచ్చిపోయాయి. దీపపు పురుగుల్ని చంపిపెట్టే ఈగ ఇది, పేరు తెలియకుండా వదిలేయాలని లేదు.

ముల్లు ఆకారం, కాళ్ళ రంగు, రెక్క ఈనెలు: ఆడ ఈగలో వీటిలో దేన్ని నమ్మి జాతి చెప్పొచ్చు?