లాజరు ముందే లేచాడు కదా, యేసు ‘ప్రథమఫలం’ ఎలా అవుతాడు?

ప్రశ్న:
అందరికీ వందనాలు. యూత్ మీటింగ్‌లో 1 కొరింథీ 15 చెప్పాలి. 20వ వచనం దగ్గర ఆగిపోయాను. క్రీస్తు నిద్రించినవారిలో, అంటే చనిపోయినవారిలో, ప్రథమఫలం అంటాడు పౌలు. కానీ ఆయనకంటే ముందే సారెపతు విధవరాలి కొడుకు చనిపోయి లేచాడు, లాజరు లేచాడు. పిల్లలు అడిగేది ఇదే. ‘వాళ్లది వేరు, ఆయనది వేరు’ అని ఊరికే అంటే ఒప్పుకోరు. వాక్యంలో ఎక్కడ చూపించాలి?

జవాబు 1:
బ్రదర్, ముందు చనిపోయి లేచినవాళ్ల సంగతులన్నీ ఒక కాగితం మీద రాసుకోండి. ఒక్కొక్కరి గురించి విడిగా చెప్పినవి ఎనిమిది: 1 రాజులు 17, 2 రాజులు 4, 2 రాజులు 13:21 (ఎలీషా ఎముకలు తగిలి లేచినవాడు), లూకా 7, మార్కు 5, యోహాను 11, అపొ. కార్యములు 9, 20. మత్తయి 27:52లో యేసు మరణమప్పుడు సమాధులు తెరుచుకుని లేచిన పరిశుద్ధుల సంగతి ఆ రోజు ఎత్తుకోవద్దు, టైమంతా దానికే పోతుంది.

లాజరు తిరిగి వచ్చింది మళ్లీ చావగల ఒంటితోనే. యోహాను 12:10 చూడండి, ప్రధానయాజకులు అతన్ని కూడా చంపాలనుకున్నారు. దాని పక్కనే రోమా 6:9 చదివించండి: లేచిన క్రీస్తు ఇక చనిపోడు. తేడా అక్కడే దొరుకుతుంది. చాలామంది ఇక్కడ ఒక పొరపాటు చేస్తారు. మార్కు 5లో యేసు తాను లేపిన యాయీరు కూతురికి తిండి పెట్టమన్నాడు కాబట్టి ఆమెది మామూలు శరీరం అని వాదిస్తారు. లూకా 24:42-43లో లేచిన ప్రభువు కూడా చేప తిన్నాడు. ఏ పిల్లవాడైనా అది గుర్తుచేస్తే మీ వాదన పడిపోతుంది.

ఇక ప్రథమఫలం అంటే వరసలో మొదటివాడని మాత్రమే కాదు. లేవీ 23:10-14లో కోతలో మొదటి పనను (కోసిన వెన్నుల కట్టను) యాజకుడు దేవుని సన్నిధిని అల్లాడించాలి, అప్పటిదాకా కొత్త పంట ఎవరూ ముట్టకూడదు. ఆ పన, వెనక చేలో ఉన్న పంట ఒకే జాతి. అందుకే పౌలు 1 కొరింథీ 15:23లో ‘తరువాత క్రీస్తువారు’ అంటాడు. లాజరు ఆ పన కాడు.

జవాబు 2:
బట్టలు కూడా చూపించండి, పిల్లలకు బాగా పడుతుంది. లాజరు కాళ్లూ చేతులూ ప్రేతవస్త్రాలతో కట్టి ఉండగానే, ముఖానికి రుమాలుతోనే బయటికొచ్చాడు. రాయి వేరేవాళ్లు తీయాలి, కట్లు వేరేవాళ్లు విప్పాలి. యోహాను 20:6-7లో నారబట్టలు అక్కడే ఉన్నాయి, తల రుమాలు వేరుగా చుట్టిపెట్టి ఉంది. విప్పినవాళ్లు ఎవరూ లేరు.

ఇంకొకటి, చనిపోయినవాళ్లను లేపేటప్పుడు ఏలీయా ప్రార్థించాడు, ఎలీషా తలుపు వేసి ప్రార్థించాడు, పేతురు మోకాళ్లూని ప్రార్థించాడు. నాయీను ఊళ్లో (లూకా 7) యేసు ఒక విధవరాలి కొడుకు పాడె ముట్టి, లెమ్మని ఆ చిన్నవాడితోనే చెప్పాడు.

ప్రశ్న అడిగినవారు:
చాలా థాంక్స్. కానీ లాజరు సమాధి దగ్గర యేసు కూడా ప్రార్థించాడు కదా? యోహాను 11:41.

జవాబు 2:
42 కూడా కలిపి చదవండి. అక్కడ ఆయన అడిగింది ఏమీ లేదు, కృతజ్ఞత చెప్పాడు. అదీ చుట్టూ ఉన్నవాళ్లు నమ్మడానికే అన్నాడు. తర్వాత లాజరును పేరు పెట్టి పిలిచాడు. ఈ అధికారం ఎక్కడిదో యోహాను 5:26లో ఉంది: తండ్రి తనంతట తానే జీవముగలవాడైనట్టే కుమారుడూ ఉండేలా అనుగ్రహించాడు. ఇక తన సొంత ప్రాణం గురించి 10:18లో చెప్పిన మాట ఏ ప్రవక్తా చెప్పలేదు: దాన్ని పెట్టడానికీ, తిరిగి తీసుకోవడానికీ అధికారం ఉంది.

జవాబు 3:
ఒక్క సంగతి జాగ్రత్త. ఈ పాఠం విన్నాక కొందరు చావు జరిగిన ఇంటికి వెళ్లి ‘మీకు విశ్వాసం ఉంటే లేచేవాడు’ అంటారు. అది చాలా క్రూరమైన మాట, వాక్యంలో ఆధారం కూడా లేదు. నాయీను విధవరాలు అసలేమీ అడగలేదు. రాయి తీయమంటే లాజరు తోబుట్టువు మార్త ‘వాసన కొడుతుంది’ అని అడ్డు చెప్పింది, అయినా లాజరు లేచాడు. చంపేదీ బ్రతికించేదీ నేనే అని ద్వితీ 32:39లో దేవుడు అంటాడు. మన విశ్వాసం ఎంత ఉందో తూచి ఇచ్చేది కాదది.

లేపబోతున్నానని తెలిసి కూడా ప్రభువు కన్నీళ్లు విడిచాడు, యోహాను 11:35. మీ పిల్లల్లో ఈమధ్య ఇంట్లో ఎవరినైనా పోగొట్టుకున్నవాళ్లుంటే, ఆ వచనం దగ్గర కాసేపు ఆగి, తర్వాతే 1 కొరింథీ 15 తెరవండి.