6 ఓమ్‌ల స్పీకర్లకి 40 వాట్ల ఆంప్ చాలదా? మధ్యలో టక్కుమని ఆగిపోతోంది

పర్లాకిమిడి శ్రోత

అందరికీ నమస్కారం. మాది పర్లాకిమిడి. చదువంతా ఒడియా మీడియం, తెలుగు ఇంట్లో అబ్బిందే, తప్పులుంటే సర్దుకుపోండి. గిడుగు రామమూర్తి గారు పాఠాలు చెప్పిన ఊరు కదా, వాడుక భాషలో రాస్తే ఎవరూ కొట్టరని ధైర్యం.

పోయిన నెల విశాఖలో ఒకాయన ఇల్లు మారుతూ అమ్మేస్తుంటే నడుమెత్తు స్పీకర్ల జత ఒకటి తెచ్చుకున్నా. వెనక 6 ఓమ్‌లు, 86 డెసిబెల్స్, 30–150 వాట్లు అని రాసుంది. ఆంప్ (ఆంప్లిఫయర్) మాత్రం నాన్నగారి కాలందే, 8 ఓమ్‌ల దగ్గర ఛానెల్‌కి 40 వాట్లు. చిన్నగా పెట్టుకుంటే ఎంత బాగుందో చెప్పలేను, ఇన్నేళ్లూ విన్న పాటల్లోనే వీణ పక్కన ఇంకో వాయిద్యం ఉందని ఇప్పుడు తెలిసింది. కానీ వాల్యూమ్ సగం దాటించి డప్పు, బేస్ ఉన్నవి పది నిమిషాలు వింటే టక్ మని ఆగిపోతోంది. పైన చెయ్యి పెడితే దోసె వేసుకోవచ్చు, అంత వేడి. కాసేపు ఆపి మళ్లీ పెడితే మామూలే.

ఊళ్లో షాపాయన్ని అడిగితే "40 వాట్లది 150 వాట్ల స్పీకర్లని లాగలేక చస్తోంది, 200 వాట్లది తీసుకో" అని ఊరేగింపుల్లో డీజేలు వాడే రకం చూపించాడు. పద్దెనిమిది వేలు. దానికి ఫ్యాను కూడా ఉంది, షాపులోనే బుయ్యిమంటోంది. గది 12 బై 14 అడుగులు, కూర్చునేది తొమ్మిదడుగుల దూరంలో. ఏటి చేయమంటారు?

టంకం పొగ

అన్నా, ముందు ఆ పద్దెనిమిది వేలు జేబులోనే ఉంచు. 150 వాట్లు అన్నది స్పీకరు ఎంతవరకు తట్టుకుంటుందన్న హద్దు, అది తినే తిండి కాదు. బిందెలో చెంబుడు నీళ్లు పోస్తే బిందె పగిలిపోదు కదా.

చూడాల్సింది ఆ 86. అంటే సుమారు ఒక వాటు ఇస్తే మీటరు దూరంలో 86 డెసిబెల్స్ వస్తుందని. (6 ఓమ్‌లకి లెక్క కొంచెం మారుతుంది, ఇక్కడ వదిలేద్దాం.) నీ కుర్చీ దూరానికి కొంత తగ్గుతుంది, రెండు స్పీకర్లు, నాలుగు గోడలు కలిసి కొంత తిరిగి ఇస్తాయి, 80 చుట్టూ అనుకో. ఒక్క వాటుకే అది. పవర్ రెట్టింపు చేసిన ప్రతిసారీ పెరిగేది 3 డెసిబెల్సే, పది రెట్లు చేస్తే 10. అంటే 40 వాట్లకి ఇంకో 16 కలిసి 96 దాకా వెళుతుంది, ఆ గదిలో అంత పెడితే పక్కింటివాళ్లు కర్ర పట్టుకుని వస్తారు. 200 వాట్లకి మారితే దాని మీద వచ్చేది ఇంకో 7 డెసిబెల్సే. వినేటప్పుడు ఆ 7 "రెట్టింపు గట్టిగా" అని కూడా అనిపించదు, దానికి 10 కావాలి. ఐదింతల పవర్‌కి ఇంతేనా అని మొదట్లో నేనూ నమ్మలేదు.

కాబట్టి పవర్ చాలక ఆగడం కాదిది, పవర్ చాలకపోతే శబ్దం గరగరమంటుంది తప్ప టక్ మనదు. ప్రొటెక్షన్ రిలే పడుతోంది, అంటే ఆంప్ కాలిపోకుండా స్పీకర్లని విడదీసే లోపలి స్విచ్.

గుణుపురం గోల

టంకం పొగ గారూ, లెక్క బాగానే ఉంది గానీ నా అనుభవం వేరు. 20 వాట్ల చిన్న ఆంప్‌తో 100 వాట్ల స్పీకర్లు కట్టి దసరా రాత్రి నాబ్ చివరిదాకా తిప్పాను, తెల్లారేసరికి రెండు ట్వీటర్లూ (సన్న స్వరాలు పలికే బుల్లి స్పీకర్లు) పోయాయి. పెద్ద ఆంపే భద్రం అని అప్పటినుంచీ నమ్ముతున్నా. మా బావ ఇప్పటికీ ఆ రాత్రి గురించి ఏడిపిస్తాడు.

టంకం పొగ

మీ ట్వీటర్లు పోయింది ఆంప్ చిన్నదైనందుకు కాదండీ, దాన్ని శక్తికి మించి తిప్పినందుకు. పవర్ సప్లైలో ఉన్న వోల్టేజీని దాటి అలని పైకి లేపలేదు కాబట్టి దాని తల నరికేస్తుంది, దీన్నే క్లిప్పింగ్ అంటాం. నరికిన అలలో పై స్థాయి హార్మోనిక్స్ (పాటలో లేని అదనపు సన్న స్వరాలు) పుడతాయి, దానికితోడు చిన్న శబ్దాలన్నీ పెద్ద శబ్దాల స్థాయికి లేస్తాయి, రెండూ కలిసి ట్వీటరు సన్న కాయిల్ మీద పడతాయి. 200 వాట్లదైనా అలా తిప్పితే కాలుస్తుంది, ఈసారి బేస్ పలికే వూఫర్లతో సహా. గరగర వినపడగానే తగ్గించుకోవడమే మందు. నాబ్ సగంలో ఉంటే సగం పవరే వాడుతున్నామనీ అనుకోవద్దు, రికార్డింగ్ గట్టిదైతే సగానికే ఆంప్ గరిష్ఠం అందుకుంటుంది.

బరంపురం రిపేరు

ముప్ఫై ఏళ్లుగా ఆంపులు విప్పి మూస్తున్నాను, అందుకని ఒక్క ప్రశ్న. బాబూ, ఆంప్ ముందు స్పీకర్స్ ఏ, బీ అని బటన్లు ఉన్నాయా? పాత స్పీకర్లు ఇంకా తగిలించే ఉన్నాయా?

పర్లాకిమిడి శ్రోత

ఉన్నాయి మాస్టారూ. పాతవి 8 ఓమ్‌ల బుల్లి జత, వంటింట్లోకి వైరు లాగి బీ కి పెట్టాను. అమ్మ పొద్దున్న భక్తి పాటలు వింటుంది. సాయంత్రం నేను వినేటప్పుడూ రెండు బటన్లూ నొక్కే ఉంటాయి, తీయడం ఎందుకని. అదా గొడవ?

బరంపురం రిపేరు

అదే. రెండు జతలూ కలిపితే ఆంప్‌కి పక్కపక్కన (ప్యారలల్‌గా) కట్టినట్టు కనిపిస్తాయి. ఓమ్‌లు అంటే కరెంటుకి అడ్డు, అవి తగ్గేకొద్దీ ఆంప్ ఎక్కువ కరెంటు ఇవ్వాలి. 6 ని 8 తో గుణించి 14 తో భాగించు, 3.4 ఓమ్‌లు. ఇది కాగితం లెక్క. 6 అని రాసినా కొన్ని స్వరాల దగ్గర 5 దాకా దిగుతుంది, బేస్ దగ్గర దిగే స్పీకర్లు చాలా చూశాను. 8 ఓమ్‌లకి ఉన్న కరెంటు కంటే రెండింతలు దాటి లాగుతున్నావు, ఆ భారమంతా వేడిగా మారి హీట్ సింక్ (వేడిని బయటికి వదిలే లోహపు రెక్కలు) మీదికి వస్తోంది. ఆ టక్ అన్నది నీ మీద జాలితో రిలే పడిన చప్పుడు. రిలే లేని ఆంప్ అయితే ట్రాన్సిస్టర్లు పోయి ఈపాటికి నా బల్ల మీద ఉండేది.

వెనక చదువు. ఏ లేదా బీ ఒక్కటే అయితే 4 ఓమ్‌ల నుంచి, రెండూ కలిపితే ఒక్కోటి 8 ఓమ్‌ల నుంచి అని అచ్చువేసి ఉంటుంది. కొన్ని పాత మోడళ్లు రెండూ నొక్కితే సిరీస్‌లో (ఒకదాని వెనక ఒకటిగా) కలుపుతాయి, వాటిలో వేడి ఉండదు కానీ బేస్ ఉబ్బి శబ్దం పాడవుతుంది.

పనిలో పని, వైరు ఏది వాడావు? బెల్లు వైరు లాంటి సన్నదైతే తీసేసి ఇంటి వైరింగ్‌కి వాడే 1.5 చదరపు మిల్లీమీటర్ల రాగి వైరు వెయ్యి. అయిదు మీటర్లకి రానుపోను 0.12 ఓమే, బోలెడు. మీటరు వెయ్యి రూపాయల వైరు కథలు నా దగ్గర చెప్పకండి. ఎరుపు ఎరుపుకీ, నలుపు నలుపుకీ పడ్డాయో లేదో చూడు, ఒక్కటి తారుమారైతే బేస్ మాయమవుతుంది.

పర్లాకిమిడి శ్రోత

వెనక మీరు చెప్పిందే అచ్చువేసి ఉంది! పదేళ్లుగా దుమ్ము కిందుంది, చొక్కా అంచుతో తుడిస్తే కనిపించింది. నిన్న బీ తీసేసి గంటన్నర విన్నాను, అదే వాల్యూమ్, గోరువెచ్చగా ఉంది అంతే. కుడి స్పీకరు దగ్గర ఒక వైరు పోగు పక్క టెర్మినల్‌కి రాసుకుంటోంది కూడా, మెలిపెట్టి సరిచేశాను.

కానీ అమ్మకి పాటలు పోయాయి. పొద్దున్నే వచ్చి "నీ కొత్త స్పీకర్లు నా దేవుణ్ణి మింగేశాయి" అంది.

టంకం పొగ

అమ్మగారి పాత జతకి క్లాస్ డి (తక్కువ వేడెక్కే రకం) బుల్లి ఆంప్ బోర్డు ఒకటి కొనిచ్చెయ్. నీ ఆంప్ వెనక టేప్ రెకార్డ్ అవుట్ ఉంటుంది, అక్కణ్ణుంచి దానికి కలుపు. అక్కడ సిగ్నల్ నీ వాల్యూమ్ నాబ్‌తో మారదు కాబట్టి అమ్మగారి నాబ్ అమ్మగారిదే. 24 వోల్టుల అడాప్టర్ మీద 8 ఓమ్‌లకి లెక్క ప్రకారం ఛానెల్‌కి 36 వాట్లకి మించి రాదు, పెట్టె మీద ఏం రాసినా సరే.

పర్లాకిమిడి శ్రోత

నా నాబ్ నాకుంటుందా అని అమ్మ రెండుసార్లు అడిగింది, అంటే ఒప్పుకున్నట్టే. అడాప్టర్ ఎన్ని ఆంపియర్లది తీసుకోను?

బరంపురం రిపేరు

భక్తి పాటలకే అయితే 3 చాలు. సుప్రభాతానికి డప్పులు ఉండవు.