అప్‌డేట్: కాపీ చేసినవి పోతున్నాయన్న గోల సగం తీరింది

కిందటి వారం నా విండోస్ కంప్యూటర్ గురించి నేను అడిగినవి మూడు: కొత్తది కాపీ చేస్తే పాతది పోకూడదు, ఒక విండో నుంచి ఇంకో విండోకి మారడానికి ఆల్ట్ ట్యాబ్ నొక్కితే బ్రౌజర్ ట్యాబులన్నీ వరస కట్టకూడదు, టైప్ చేస్తుంటే ఇంకో విండో మధ్యలో దూరకూడదు.

మొదటిది విండోస్‌లో 2018 నుంచే ఉందట! నాకే తెలీదు. విండోస్ కీ, వి కలిపి నొక్కి ఒకసారి ఆన్ చేస్తే చాలు, చివరిగా కాపీ చేసిన 25 దాకా వరసగా కనిపిస్తాయి. సిస్టమ్ రీస్టార్ట్ చేస్తే పిన్ చేసినవి, అంటే పోకుండా గుచ్చి పెట్టుకున్నవి మాత్రమే మిగులుతాయి. అది తెలియక నిన్న రెండు పేరాలు పోగొట్టుకున్నాను. ఇంకో మాట, కాపీ చేసిన పాస్‌వర్డ్ కూడా అందులోనే కూర్చుంటుంది. నాది అలాగే కనబడితే గుండె జల్లుమంది, వెంటనే తీసేశాను.

రెండోది సెట్టింగ్స్, సిస్టమ్, మల్టీటాస్కింగ్‌లో ట్యాబులు చూపించొద్దని పెట్టగానే సర్దుకుంది.

మూడోదానికి మాత్రం దారి దొరకలేదు. ఇప్పుడు ఇది రాస్తుంటే కూడా ఏదో అప్‌డేట్ పెట్టె ఎగిరొచ్చింది. నేను కొట్టిన స్పేస్‌బార్ దాని బటన్ మీద పడింది. దేనికి ఒప్పుకున్నానో ఏమో! కనీసం టైపింగ్ ఆగేదాకా ఆగి రావచ్చు కదా?