కాపర్ పెప్టైడ్, విటమిన్ సి ఒకే పూట రాయొచ్చా?

నీలిసీసా: ఒకదాన్నొకటి పాడుచేస్తాయని కొందరు, పది నిమిషాలు ఆగితే చాలని కొందరు. నా దగ్గరున్న సీరమ్‌లు జీహెచ్‌కే-కాపర్ (జీహెచ్‌కే అనే చిన్న పెప్టైడ్ రాగిని పట్టుకున్నది) 1 శాతం, విటమిన్ సి 15 శాతం. ఎవరి మాట వినాలి?

పీహెచ్‌పంతులు: ఆ సి ఎల్-ఆస్కార్బిక్ ఆమ్లమైతే, అంటే అసలు రూపంలోని విటమిన్ సి అయితే, వద్దండి. అది చర్మంలోకి దిగాలంటే పీహెచ్ 3.5 లోపు, అంటే బాగా ఆమ్లంగా, ఉండాలి. జీహెచ్‌కే రాగిని పట్టుకోవడంలో కీలకం అందులోని హిస్టిడిన్ అనే అమైనో ఆమ్లం. అంత ఆమ్లంలో ఆ పట్టు సడలుతుంది. విడిపడిన రాగి ఆస్కార్బిక్ ఆమ్లాన్ని ఆక్సీకరిస్తుంది. తెల్ల సాసర్‌లో రెండు సీరమ్‌లూ చెరో చుక్క కలిపి చూడండి, కాపర్ సీరమ్ నీలం వెలిసిపోతుంది. పొద్దున సి, రాత్రి కాపర్. తగువే ఉండదు.

లేబుల్‌చూడు: సాసర్‌లో అయినట్టే ముఖం మీదా అవుతుందా పంతులుగారూ? చర్మం పీహెచ్ 5 దగ్గర ఉంటుంది, ఆమ్లాన్ని మెల్లగా సర్దుకుంటుంది. పైగా ఆస్కార్బైల్ గ్లూకోసైడ్ అని గ్లూకోజ్ తగిలించిన విటమిన్ సి రూపం ఉంది, అందులో ఆక్సీకరణ మొదలయ్యే చోటుకే గ్లూకోజ్ అడ్డం ఉంటుంది, రాగి అంత తేలిగ్గా ముట్టుకోలేదు. అది ఒకే పూట రాసినా నష్టం లేదు. నన్నడిగితే అసలు దొంగ ఈడీటీఏ, లోహాలను పట్టేసుకునే పదార్థం. జీహెచ్‌కే కంటే గట్టిగా రాగిని లాక్కుంటుంది, టోనర్లలో, క్రీముల్లో మామూలుగా ఉంటుంది. దాన్ని మాత్రం ఎవరూ పట్టించుకోరు!

పీహెచ్‌పంతులు: గ్లూకోసైడ్ సంగతి ఒప్పుకుంటా. ఆమ్లం విషయంలో మాత్రం పది నిమిషాల లెక్క నమ్మను. సర్దుకోవడానికి ఎంతసేపన్నది చర్మాన్ని బట్టి, రాసిన మోతాదును బట్టి ఉంటుంది.

నీలిసీసా: కాపర్ పెప్టైడ్ పొడి కొని ఇంట్లో కలుపుకుంటే ఈడీటీఏ గొడవ ఉండదుగా? డెర్మారోలర్ (సన్న సూదులున్న రోలర్) చేసి రాస్తే ఇంకా లోపలికి పోతుందట.

లేబుల్‌చూడు: రెండూ వద్దు. 30 మి.లీ.లో 1 శాతమంటే 300 మి.గ్రా. వంటింటి కాటా గ్రాముకు తక్కువ చూపదు, రెండింతలు పడినా తెలీదు. ప్రిజర్వేటివ్ లేని నీళ్లలో రోజుల్లోనే సూక్ష్మజీవులు పెరుగుతాయి, పైకి తేటగానే కనిపిస్తుంది.

ఇక రోలర్. జీహెచ్‌కే అణువు బరువు 340 డాల్టన్లే, చర్మం దాటడానికి చెప్పుకునే 500 హద్దుకు లోపలే, దానికోసం సూదులు అక్కర్లేదు. సూదులతో దారి తెరిస్తే పెప్టైడ్ ఒక్కటే పోదు, సువాసన, ప్రిజర్వేటివ్ అన్నీ దిగుతాయి. సూది గుచ్చి విటమిన్ సి సీరమ్ రాసినవాళ్లకు ముఖంపై గ్రాన్యులోమాలు, అంటే గట్టి గడ్డలు, వచ్చిన కేసులు 2014లో వైద్య పత్రికలో అచ్చయ్యాయి.

పీహెచ్‌పంతులు: ఇక్కడ నాదీ అదే మాట. కొత్త సీసాను ముందు మోచేతి మడతలో రోజుకు రెండుసార్లు, వారం రోజులు రాయండి. ఒక్కపూట పరీక్షతో అలర్జీ బయటపడదు, ఆలస్యంగా వచ్చే దద్దుర్లకు రోజులు పడుతుంది.

నీలిసీసా: మరి రోలర్ చేసిన రాత్రి ఏం రాయాలి?

లేబుల్‌చూడు: సీరమ్ ఏదీ వద్దు, సి అసలే వద్దు.